ఇద్దరూ ఆగిన చోట

పోయిన వారం అక్కనీ చెల్లినీ గీత మీద నిలబెట్టి వచ్చేశాం. జెండా ఎత్తి పట్టుకున్నాయన దాన్ని దించేలోపే మన పేజీ అయిపోయింది. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. అంతర్జాతీయ క్రీడల్లో ఆడవాళ్లకి మొట్టమొదటిసారి పదివేల మీటర్ల పరుగు పెడుతున్నారు. దేశం తరఫున వెళ్లేది ఒక్కరే. ఆ ఒక్కరెవరో తేల్చే పరుగులో అక్క ఉంది, అక్క చేతుల్లో పెరిగిన చెల్లీ ఉంది. అక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. చెల్లి కళ్లద్దాల షాపు వెనక గదిలో కూర్చుని అద్దాలు సానబెడుతుంది. ఇద్దరికీ పరుగు నేర్పింది వాళ్ల మేనమామ. ఆయన వయసులో ఉండగా అవే క్రీడల్లో మారథాన్ పరిగెత్తి వచ్చినవాడు. ముందురోజు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తూ, ఈ ఒక్క సంగతి తప్ప ప్రపంచంలో ఉన్న సంగతులన్నీ మాట్లాడుకున్నారు.

జెండా దిగింది.

మొదటి నాలుగైదు రౌండ్లూ తోపులాటే. మోచేతులు పక్కటెముకలకి తగిలాయి. ఎవరివో బూటు మేకులు అక్క మడమని గీరుకుపోయాయి. అక్క కిందికి చూసుకోలేదు. చూసుకుంటే నొప్పి మొదలవుతుందని ఆమెకి తెలుసు. ఆ తర్వాత గుంపు పలచబడింది. ముందు చెల్లి, వెనకే అక్క, వాళ్లకి కాస్త ఎడంగా ఎవరికీ తెలియని ఒక పిల్ల. ఆ పిల్ల ఒంటికి బాగా పెద్దదైన నీలం చొక్కా వేసుకుంది. గాలికి అది తెరచాపలా ఉబ్బుతోంది. కంచె దగ్గర నిలబడ్డ మావయ్య అప్పటికప్పుడే ఆ పిల్లకి నీలంచొక్కా అని పేరు పెట్టేశాడు.

పొడుగు పరుగులో మధ్య రౌండ్లు ఇల్లు తుడవడంలాంటివి. చెయ్యాల్సిందే తప్ప చెప్పుకోడానికేం ఉండదు. కాళ్లు వాటి పని అవి చేసుకుంటాయి, బుర్ర ఎటో పోతుంది. అక్క బుర్ర ఆ రోజు వెనక్కి, చాలా వెనక్కి పోయింది.

ఈ పరుగు ఆడవాళ్ల దాకా రావడానికి ఇంత ఆలస్యం ఎందుకైందో మావయ్య చెబుతుంటే వినాలి. మగవాళ్లకి ఆ క్రీడలు మొదలైన ఏడాది నుంచే మారథాన్ ఉంది. ఎండలో పరిగెత్తి పరిగెత్తి, స్టేడియంలోకి తూలుకుంటూ వచ్చి, ఎటు వెళ్లాలో తెలియక పడిపోయి, మళ్లీ లేచి, మళ్లీ పడిపోయినవాళ్లున్నారు. వాళ్లని పేపర్లవాళ్లు మహావీరులన్నారు. ఆడవాళ్లకి చాన్నాళ్లకి ఒకసారి రెండు రౌండ్ల పరుగు పెట్టారు. గీత దాటాక కొంతమంది ఆయాసపడుతూ నేల మీద వాలిపోయారు. పరిగెత్తినవాళ్లకి ఆయాసం రాకపోతే ఎవరికొస్తుంది? కానీ ఆ వాలిపోవడం చూసి పేపర్లలో గగ్గోలు పెట్టారు. ఆడవాళ్ల ఒంటికి ఇది పడదని పెద్దలు తీర్మానించేశారు. ఆ రెండు రౌండ్లూ కూడా ముప్పై ఏళ్లకు పైగా తీసేశారు. మళ్లీ ఇచ్చేటప్పుడు కూడా కొసరి కొసరి ఇచ్చారు. ముందు రెండు రౌండ్లు, తర్వాత నాలుగు కంటే కొంచెం తక్కువ, ఇంకెన్నాళ్లకో ఇంకొంచెం.

అక్క ఇరవైల్లో ఉన్నప్పుడు ఆ కొసరు కూడా ఈ ఊరిదాకా రాలేదు. ఆడపిల్లలు దూరం పరిగెత్తితే గర్భసంచి జారిపోతుందని పక్కింటావిడ దగ్గర్నుంచి పరుగుల సంఘం డాక్టరు దాకా అందరూ ఒకటే పాట. లాండ్రీలో ఆడవాళ్లు ఆ మాట విని పడీ పడీ నవ్వారు. తడి దుప్పట్ల గంపలు పొద్దస్తమానం మోసే తమ సంగతేమిటని ఒకళ్లనొకళ్లు అడిగి మళ్లీ నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. ఒక ఏడాది ఊళ్లో మగవాళ్లకి రోడ్డు పరుగు పెడితే, మావయ్య పాత చొక్కా వేసుకుని, నంబరు లేకుండా, గుంపు వెనక చేరింది. సగం మందిని దాటుకుంటూ చివరికొచ్చింది. అప్పుడు జరిగింది అక్క ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు. ఆమెని ఎవరూ తిట్టలేదు, అడ్డం రాలేదు. గీత దగ్గర గడియారం పట్టుకున్నాయన ఆమె రావడం చూశాడు. చూసి, గడియారం జేబులో వేసుకుని, పక్కాయనతో వాన వస్తుందా రాదా అని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె వాళ్లిద్దరి మధ్య నుంచే గీత దాటి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఇన్నేళ్లు అక్క కళ్లల్లో ఒత్తులు వేసుకుని ఎదురుచూసింది. పెళ్లి మాటలొస్తే దాటేసింది. నలభై దగ్గర పడింది. ఈలోగా చెల్లి పెద్దదైంది, అక్క కంటే పొడుగైంది, అక్క కంటే వేగమైంది. తనకి రాకపోయినా దీనికి వస్తుందిలే అని అక్క మనసు సరిపెట్టుకున్నాకే, పదివేల మీటర్లు పెడుతున్నారన్న కబురు వచ్చింది. ఇద్దరికీ ఒకేసారి, ఒకే చోటు కోసం.

ఆఖరి రౌండుకి గంట కొట్టారు.

గంట మోగేసరికి చెల్లి ముందు ఉంది, అక్క ఆమె భుజం వెనక ఉంది. నీలంచొక్కా ఇంకా వెనక ఉంది. ఎదుటి వైపు దారి అంతా ఇద్దరూ ఒకే మనిషిలా పరిగెత్తారు. ఆఖరి మలుపులోకి వచ్చారు. అక్కడే అక్కకి తేడా తెలిసింది. చెల్లి పాదం నేలని తన్నడం మానేసి, నేల మీద ఆనడం మొదలుపెట్టింది. ఆ పాదాలు అడుగులు నేర్చినప్పటి నుంచీ ఎరిగిన మనిషికి అది తెలియకుండా ఎలా ఉంటుంది? అక్క పక్కకి వచ్చి మొహంలోకి చూసింది. చెల్లి నోరు మూసుకుని ముక్కుతోనే ఊపిరి తీస్తోంది. అలిసినవాళ్లెవరూ అలా ఊపిరి తీయరు. ఇంకో రెండు రౌండ్లు పరిగెత్తమన్నా పరిగెత్తేలా ఉంది.

చెల్లి కావాలనే దారి వదులుతోంది.

అక్కకి ఆ క్షణంలో ఆలోచించే తీరిక లేదు. ఒక్కటే తోచింది. ముందు జీవితం ఉన్నది దీనికి, తనకి కాదు. అంతే, ఆమె కాళ్లు కూడా పట్టు వదిలేశాయి. గుమ్మం దగ్గర ముందు మీరంటే ముందు మీరని ఆగిపోయే చుట్టాల్లాగా, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ పక్కపక్కన జాగింగు చేసుకుంటూ మలుపు తిరిగారు. కంచె అవతల మావయ్య ఏదో అరిచాడు. ఆ అరుపు వాళ్ల చెవిన పడేలోపు, బయటి వైపు నుంచి టపటపమని చొక్కా కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. నీలంచొక్కా వాళ్లిద్దర్నీ దాటుకుని వెళ్లిపోయింది.

అప్పుడు ఇద్దరూ ఉలిక్కిపడి పరిగెత్తారు. ఏం లాభం? ఒకసారి తెగిన వేగం మళ్లీ అతుక్కోదు. నీలంచొక్కా పట్టీ తెంపుకుని అవతలికి పోయింది. ఆ తర్వాత వెనక మెట్ల మీద ఎవరో నవ్వారు. ఆ నవ్వు మిగతావాళ్లకి అంటుకుంది. అక్కకి రెండో స్థానమో మూడో స్థానమో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఎంపిక సంఘం కార్యదర్శి మైకులో నీలంచొక్కా పేరు చదివాడు. ఆ పిల్ల చుట్టూ నలుగురూ చేరి, అదృష్టమంటే నీదేనమ్మా అని చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు. గెలిచినవాళ్ల మొహం ఎలా ఉంటుందో అక్కకి తెలుసు. ఆ పిల్ల మొహం అలా లేదు. కానీ పరాయివాళ్ల మొహాల గురించి ఆలోచించే స్థితిలో అక్క లేదు.

ఇంటికి బస్సులో వచ్చారు. పక్కపక్కన ఖాళీ సీట్లు ఎన్ని ఉన్నా ముగ్గురూ మూడు చోట్ల కూర్చున్నారు. మావయ్య టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని దాని అంచు నలుపుతూ కూర్చున్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని అక్కకి అనిపించింది.

వాళ్లుండేది ఒక అచ్చు ప్రెస్సు మీద రెండు గదుల్లో. కింద మిషను తిరుగుతున్నంత సేపూ పైన నేల సన్నగా అదురుతూ ఉంటుంది, అలమరలో గ్లాసులు గలగలమంటాయి. ఆ ఇంట్లో పెరిగినవాళ్లకి అది చప్పుడులాగే అనిపించదు. మావయ్య వస్తూనే నీళ్లు కాచాడు, తొట్టెలో పోసి గుప్పెడు ఉప్పు వేశాడు, అక్క కాళ్ల దగ్గర పెట్టాడు. తర్వాత తనకి గాలి ఆడటం లేదని చెప్పి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. తలుపు మాత్రం వెయ్యలేదు. ఆయనకి గాలి ఎంత కావాలో, మాటలూ అంత కావాలి.

అక్క కాళ్లు నీళ్లలో పెట్టింది. మడమ భగ్గుమంది. మేకులు గీరిన చోట తోలు లేచిపోయి ఉంది. చెల్లి కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది. పొద్దు ఇంకా వాలలేదు. ఎదుటి మేడ మీద ఎవరో దుప్పట్లు దులుపుతున్నారు.

"ఎందుకాగావు?" అంది అక్క.

"నువ్వెందుకాగావు?"

"ముందు అడిగింది నేను."

"నువ్వు వెళ్లాలని," అంది చెల్లి, వెనక్కి తిరక్కుండానే.

"నన్ను పంపమని నిన్ను నేనడిగానా?"

"నువ్వు నన్నెప్పుడు ఏమడిగావు గనక? అడగాల్సింది కూడా అడగలేదు."

ఏమిటది అన్నట్టు చూసింది అక్క. చెల్లి ఇటు తిరిగింది. ఆ మొహంలో కోపం ఉందనుకుంది అక్క. లేదు. చాలాకాలంగా మోస్తున్న బరువు దించబోయే ముందు మనిషికి వచ్చే భయం ఉంది.

"పరిగెత్తడం నీకిష్టమేనా అని, ఒక్కసారైనా అడిగావా అక్కా?"

అక్కకి ముందు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఇష్టం లేకుండా ఇన్నేళ్లు ఎవరైనా పరిగెడతారా అంది.

"పరిగెడతారు," అంది చెల్లి. "అమ్మ పోయిన ఏడాది నువ్వు పొద్దున్నే లేచి వెళ్లిపోయేదానివి. ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలంటే నాకు భయం వేసేది. నీ వెనకే వచ్చేదాన్ని. నువ్వు ఆగేదానివి కాదు. అందుకని నేనూ పరిగెత్తేదాన్ని. నువ్వు కావాలంటే పరిగెత్తాలి. అంతే. నాకు తెలిసిన పరుగు అంతే."

ఆ పొద్దుటిపూటలు అక్కకీ గుర్తున్నాయి. వెనక చిన్న చిన్న అడుగుల చప్పుడు వినిపించేది. తిరిగి చూస్తే, ఒక కాలికి ఒక రకం చెప్పు, ఇంకో కాలికి ఇంకో రకం చెప్పు వేసుకుని, జుట్టు కళ్ల మీద పడుతుండగా పరిగెత్తుకొస్తున్న పిల్ల. ఈ పిల్ల ఒంట్లోనే పరుగుంది అనుకుని మురిసిపోయింది తను. ఆ మాట మావయ్యకి చెప్పింది, లాండ్రీలో చెప్పింది, కనబడినవాళ్లకల్లా చెప్పింది. పిల్ల వస్తోందని కాస్త నెమ్మదిద్దామని ఆమెకి తోచలేదు. వేగం పెంచితే ఇంకా బాగా వస్తుందనుకుంది.

చెల్లి ఇక ఆపలేదు. కళ్లద్దాల షాపు గురించి చెప్పింది. రోజంతా ఒక్కచోట కూర్చోవాలి పాపం అని అందరూ జాలిపడతారట. తనకి కావాల్సిందే అదట. మోకాళ్ల మీద గుడ్డ పరుచుకుని, అద్దాన్ని చక్రానికి ఆనించి, వేలికి తగిలే ఆ సన్నటి గరుకు పోయేదాకా కదలకుండా ఉండటమట. మొన్న ఒక పెద్దాయన కొత్త కళ్లద్దాలు పెట్టుకుని, మొట్టమొదట తన చేతి గోళ్లు చూసుకుని సిగ్గుపడిపోయాడట, మట్టి కనిపించి. అది చెబుతూ చెల్లి నవ్వింది. పరుగు గురించి మాట్లాడుతూ ఈ పిల్ల ఎన్నడైనా ఇలా నవ్విందా అని అక్క వెతుక్కుంది. గుర్తురాలేదు.

"మరి నాతో ఎప్పుడూ అనలేదేం?"

"అంటే నీకేం మిగులుతుంది? నీకు రాని పరుగు నా కాళ్లలో చూసుకుంటున్నావు. అది కూడా లాగేసుకోమంటావా?" అంది చెల్లి. "ఇవాళ మాత్రం అనుకున్నాను. ఎలాగూ నీకే వచ్చింది కదా, నీది నువ్వు తీసుకుంటావు, నన్ను వదిలేస్తావు అని. నువ్వు ఆగి కూర్చున్నావు."

"నీ కోసం ఆగాను."

"తెలుసు. అందుకే కోపం. నాకక్కర్లేనిది నాకివ్వడానికి, నీకు కావాల్సింది పారేసుకున్నావు."

కింద మిషను ఆగింది. గ్లాసుల గలగల ఆగిపోయేసరికి ఇల్లంతా ఒక్కసారి బోసిపోయినట్టయింది. అక్క తొట్టెలోంచి కాళ్లు తీసి నేల మీద పెట్టింది. ఆమెకి చెల్లిని దగ్గరికి తీసుకోవాలని ఉంది. అంతకంటే ముందు చెప్పాల్సిన మాటొకటి ఉంది. అది చెప్పకపోతే ఇవాళ కాకపోయినా ఇంకోనాడు అది ఇద్దరి మధ్యా గోడ కడుతుందని ఆమెకి తెలుసు.

"గడియారం జేబులో వేసుకున్నాయన గురించి నీకు ఒకసారి చెప్పాను," అంది.

చెల్లి తలూపింది.

"ఆయన నన్ను ఓడించలేదు. నేను పరిగెత్తలేదన్నట్టు చేశాడు. ఇవాళ నువ్వూ అదే చేశావు తల్లీ. ఎవరో పక్కకి జరిగితే దొరికే చోటు నాకెందుకు? పరిగెత్తి ఓడిపోయినా నాకు చాలు. నేను కావాలనుకున్నది ఆ చోటొక్కటే కాదు. నేను పరిగెత్తుతుంటే ఎదుటివాళ్లు నిజంగా పరిగెత్తాలి. అంతే."

చెల్లి మొహం పాలిపోయింది. తను ఇచ్చింది కానుక అనుకుంది గానీ, అది పుచ్చుకునేవాళ్లకి ఎలా తగులుతుందో ఆమె ఆలోచించలేదు. వచ్చి అక్క ముందు నేల మీద కూర్చుంది. తువ్వాలు తీసుకుని అక్క మడమ అద్దింది.

ఇక నువ్వు పరిగెత్తొద్దు అంది అక్క చివరికి. నిజంగానా అంది చెల్లి. నిజంగానే అంది అక్క. రేపట్నుంచి పొద్దున్నే లేపనంది. ఈ జన్మలో మళ్లీ నిన్ను పరుగుకి రమ్మని నేను నోరెత్తి అడగనంది. చెల్లి కళ్లు తుడుచుకుంటూ, లేపకపోతే షాపుకి ఆలస్యమవుతుంది, లేపు గానీ పరిగెత్తించకు అంది. మెట్ల మీద నుంచి మావయ్య ముక్కు చీదుకున్న చప్పుడు గట్టిగా వినిపించింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ఆ రోజు మొదటిసారి గాలి ఆడింది.

మావయ్య గొంతు సవరించుకోవడం, ఎవరితోనో మాట్లాడటం వినపడ్డాయి. ఆయన లోపలికి వచ్చాడు. వెనకే ఒక పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇంకా ఆ నీలం చొక్కాతోనే ఉంది.

దగ్గర్నుంచి చూస్తే బాగా చిన్నదేం కాదు, చెల్లి ఈడుదే. అరచేతులు మొరటుగా, కాయలు కాసి ఉన్నాయి. రేవులో పడవలకి తాళ్లు బిగించే పని చేస్తుందని మావయ్య చెప్పాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్లు ఇస్తే పుచ్చుకుని, తాగకుండా పట్టుకుని నిలబడింది. కంగ్రాట్స్ అంది చెల్లి, మర్యాదకి. ఆ మాటతో ఆ పిల్ల మొహం ఇంకా మాడిపోయింది.

"అందుకే వచ్చాను," అంది. "నేను మీ వెనకే ఉన్నాను. మీరిద్దరూ ఏం చేశారో మెట్ల మీద జనం కంటే ముందు నేనే చూశాను. రేవులో మావాళ్లకి అప్పుడే తెలిసిపోయింది. వాళ్లు వదిలేస్తే నీకు దొరికిందట కదా అంటున్నారు. నేను క్రీడలకి ఆ దేశం వెళ్లినా అదే అంటారు, అక్కణ్నుంచి తిరిగొచ్చినా అదే అంటారు."

తప్పయింది అనబోయింది అక్క. ఆ పిల్ల అననివ్వలేదు.

"నాకు తప్పయిందనక్కర్లేదు అక్కా. ఆఖరి మలుపు కోసం నేను బలం దాచుకుని ఉన్నాను. మీరు పరిగెత్తి ఉంటే దాటేదాన్నేమో. దాటలేకపోయేదాన్నేమో. ఆ సంగతి నాకు తెలియకుండా చేశారు మీరు."

అక్క తల దించుకుంది. కాసేపటి కింద తను చెల్లితో ఏ మాట అందో, అదే మాట ఇప్పుడు తన మొహాన పడింది. తను చేసింది కూడా గడియారం జేబులో వేసుకోవడమే.

మిగతాది నీలంచొక్కా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. స్టేడియం నుంచి తిన్నగా కార్యదర్శిగారి దగ్గరికి వెళ్లిందట. ఆ పరుగు తనకొద్దు, మళ్లీ పెట్టమందట. ఆయన ముందు ససేమిరా అన్నాడట. తర్వాత, జనం నవ్విన నవ్వు ఆయన చెవుల్లోనూ ఉందేమో, మెత్తబడ్డాడట. వచ్చే ఆదివారం మళ్లీ పెట్టిస్తానన్నాడు. ఈ ముగ్గురికే. కాకపోతే ఒక మెలిక పెట్టాడు. ముగ్గురూ ఒప్పుకోవాలి, ముగ్గురూ పరిగెత్తాలి. ఏ ఒక్కరు రానన్నా ఇవాళ్టి ఫలితమే ఖాయం, ఇక దాని మీద ఎవరూ నోరెత్తకూడదు. ఆయన కింద వీధిలో కారు పెట్టుకోడానికి చోటు వెతుక్కుంటున్నాడు. ఇప్పుడే పైకొస్తాడు. ముగ్గురి నోటా విని వెళ్తాడు.

నేను పరిగెత్తుతాను అని అక్క నోటిదాకా వచ్చిన మాట బయటికి వచ్చేసింది కూడా. నీలంచొక్కా తలూపి చెల్లి వైపు తిరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది అక్కకి. నోరెత్తి అడగనని మాటిచ్చి ఎంతోసేపు కాలేదు. తువ్వాలు ఇంకా చెల్లి చేతిలోనే ఉంది. మావయ్య నేల చూపులు చూస్తున్నాడు. అక్క చెల్లి మొహంలోకి చూడలేదు. చూస్తే కళ్లే అడుగుతాయని భయం. అందుకని నీలంచొక్కానే చూస్తూ మాట్లాడింది.

"దాన్ని అడగొద్దమ్మా. దానికి పరుగు ఇష్టం లేదు. అది రాదు. నేనూ అడగను. నీ గెలుపు నీదే, హాయిగా వెళ్లిరా."

ఆ నాలుగు ముక్కలూ అనడానికి, ఆ రోజు పరిగెత్తిన రౌండ్లన్నిటికంటే ఎక్కువ బలం కావాల్సొచ్చింది ఆమెకి. నీలంచొక్కా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గ్లాసు బల్ల మీద పెట్టేసి వెనక్కి తిరగబోయింది.

"ఆగు," అంది చెల్లి.

తువ్వాలు మడిచి కుర్చీ మీద వేసింది. లేచి నిలబడింది.

"మీరు ప్రాక్టీసు చేసేది ఎక్కడ?" అని నీలంచొక్కాని అడిగింది. రేవు గట్టు మీద, పని దిగాక అంది ఆ పిల్ల. రేపట్నుంచి నేనూ వస్తాను అంది చెల్లి. గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చెల్లి అక్క వైపు తిరిగింది.

"నిజంగా పరిగెత్తే మనిషి కావాలన్నావు కదా. వస్తాను. కానీ నీతో కలిసి కాదు. ఈ వారం నువ్వు నాకేమీ చెప్పకు, నేను నీ వెనక రాను. ఆదివారం నాడు నిన్ను ఓడించడానికే పరిగెత్తుతాను అక్కా. నువ్వు ఆపగలిగితే ఆపు. ఆ తర్వాత జన్మలో పరిగెత్తను."

అక్కకి ఒళ్లు ఝల్లుమంది. అది భయమో సంతోషమో ఆమెకే తెలియలేదు. ఈ పిల్ల పూర్తి బలంతో పరిగెత్తితే తను నిలవలేదని ఆమెకి లోలోపల తెలుసు. ఈ మడమతో అసలే నిలవలేదు. అయినా, తనని ఓడిస్తానని ఒక మనిషి కళ్లలోకి చూసి చెప్పడం ఆమె జీవితంలో ఇదే మొదలు.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. బరువైన మనిషి, రొప్పుతూ ఎక్కుతున్నాడు.

అంతవరకూ నోరు మెదపని మావయ్య అప్పుడు మాట్లాడాడు. ఆ ముగ్గురిలో ఎక్కువ వేగం ఎవరిదో ఆయనకొక్కడికే నిక్కచ్చిగా తెలుసు.

"అంతా బాగానే ఉందమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నువ్వే గెలిచావనుకో. అప్పుడు వెళ్తావా?"

చెల్లి నోరు తెరిచింది. జవాబు పెదవుల దాకా రానే వచ్చింది. ఈలోగా కార్యదర్శి గుమ్మంలోకి వచ్చి, తలుపు పట్టుకుని ఊపిరి పీల్చుకుని, ముగ్గురూ ఒప్పుకున్నట్టేనా అని అడిగాడు.

"ఒప్పుకున్నాను," అంది చెల్లి ఆయనతో. మావయ్య అడిగిన దానికి మాత్రం జవాబు చెప్పలేదు.